జీపులో నల్లమల, పడవలో కృష్ణ: ఒక్క రోజులో రెండూ అవుతాయా?

ప్రశ్న: మాది ఒంగోలు. సంక్రాంతికి హైదరాబాదు నుంచి మా ఆడపడుచు వాళ్ళు వస్తున్నారు. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కాబట్టి ముక్కనుమ నాడు అందరం కలిసి ఎటైనా వెళ్దామనుకుంటున్నాం. ఒక ట్రావెల్స్ అతను "తెల్లారుజామున బయల్దేరితే పొద్దున నల్లమలలో జీపు సఫారీ, మధ్యాహ్నం శ్రీశైలంలో బోటెక్కి అక్కమహాదేవి గుహలు, రాత్రికి మళ్ళీ ఒంగోలు. పులి గ్యారంటీ" అన్నాడు. మేం మొత్తం తొమ్మిదిమందిమి. అత్తయ్యగారికి 68 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు. మా చిన్నవాడికి నాలుగేళ్ళు, కారెక్కితే వాంతులు. మా ఆడపడుచు భర్త, అన్నయ్యగారికి ఫొటోల పిచ్చి. పులి కనిపించకపోతే అంత దూరం దండగ అంటున్నారు. నాకేమో బోటంటేనే టెన్షన్, ఎందుకో ఒంగోలు వాళ్ళకి చెప్పక్కర్లేదు. వెళ్ళమంటారా? దారిలో తినడానికి పులిహోర, పెరుగన్నం చేసుకెళ్ళొచ్చా?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

సమాధానం: వెళ్ళండమ్మా. కానీ ఆ ట్రావెల్స్ అతను చెప్పిన పద్ధతిలో మాత్రం వద్దు. "పులి గ్యారంటీ" అన్నాడు చూశారా, అక్కడే ఆయనకో దండం పెట్టేయండి.

నల్లమలలోని నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం 3,296 చదరపు కిలోమీటర్లు. దేశంలో ఉన్న టైగర్ రిజర్వులన్నిటిలోకీ ఇదే పెద్దది. 2022 లెక్కల ప్రకారం మన రాష్ట్రం మొత్తం మీద ఉన్న పులులు 63. అదే కర్ణాటకలోని బందీపూర్ తీసుకోండి, విస్తీర్ణం నల్లమలలో సగం కూడా ఉండదు, పులులు మాత్రం 150. మన దగ్గర అడవి ఎక్కువ, పులులు తక్కువ. పైగా సఫారీ జీపు తిరిగేది అంత అడవిలో ఒక చిన్న ముక్కలో. అక్కడ పులి అసలు కనిపించదని కాదు. దోర్నాల ఘాట్ రోడ్డు మీదే బస్సు హెడ్‌లైట్ల వెలుగులో చూసినవాళ్ళున్నారు. కానీ మీరు వెళ్ళిన రోజున, మీరెక్కిన జీపు ముందుకే వస్తుందని చెప్పడం ఎవరి తరమూ కాదు.

ఇంకో మాట. జీపు సఫారీ నడిపేది అటవీ శాఖ. శ్రీశైలంలో కృష్ణ రేవైన పాతాళగంగ దగ్గర బోట్లు నడిపేది పర్యాటక శాఖ. ట్రావెల్స్ వాళ్ళ చేతిలో ఉన్నది కారొక్కటే. మధ్యాహ్నం బోటు కదలకపోతే "నేనేం చేయను సార్, వాళ్ళు తియ్యలేదు" అంటాడు. అది నిజమే కూడా. అందుకే ప్యాకేజీ కాకుండా, తొమ్మిదిమంది పట్టే బండి మాత్రం మాట్లాడుకుని మిగతావి మీరే చూసుకోండి. ఖర్చూ తగ్గుతుంది, మాటలూ పడక్కర్లేదు.

ఇక టైము సంగతి. ఒంగోలు నుంచి పొదిలి, మార్కాపురం మీదుగా దోర్నాల సుమారు 130 కిలోమీటర్లు. అక్కడి నుంచి శ్రీశైలం ఇంకో 50, అదంతా ఘాట్ రోడ్డే. సఫారీ ఉండే తుమ్మలబైలు ఈ ఘాట్ మీదే వస్తుంది. తెల్లవారుజామున నాలుగింటికి లేచి పిల్లల్ని నిద్రలోనే బండెక్కిస్తే తుమ్మలబైలు చేరేసరికి ఎనిమిది దాటుతుంది. అప్పటికి ఎండెక్కి జంతువులు నీడ పట్టుకుంటాయి. సఫారీ అయ్యాక శ్రీశైలం, రోప్‌వే దగ్గర క్యూ, బోటు నిండేదాకా ఎదురుచూపు, గుహలకు పోవడానికే గంట పైన, రావడానికి మళ్ళీ అంతే. ఇదంతా అయ్యాక రాత్రి 9 లోపు ఘాట్ దిగిపోవాలి, ఎందుకంటే రాత్రి 9 నుంచి పొద్దున 6 వరకు దోర్నాల–శ్రీశైలం రోడ్డులో బళ్ళు వదలరు. జంతువులు రోడ్డు దాటే వేళ అది. కాగితం మీద రాసుకుంటే అన్నీ సరిపోయినట్టే ఉంటాయి. ఎక్కడో ఒకచోట గంట ఆలస్యమైందా, ఇక రోజంతా డ్రైవర్‌ని తొందరపెట్టడమే, ఆ మలుపుల్లో డ్రైవర్‌ని తొందరపెట్టకూడదు.

కాబట్టి ముక్కనుమ నాడు మధ్యాహ్నం భోంచేసి నింపాదిగా బయల్దేరి, రాత్రికి మార్కాపురంలో ఆగండి. వేళకి చేరితే చెన్నకేశవస్వామి గుడికి వెళ్ళొచ్చు, అత్తయ్యగారు సంతోషిస్తారు. శ్రీశైలంలోనే ఎందుకు ఆగకూడదంటే, సంక్రాంతికి అక్కడ బ్రహ్మోత్సవాలు, గది దొరకడం కష్టం. మార్కాపురంలో ఐదింటికి కదిలితే ఆరుకల్లా దోర్నాల గేటు దగ్గర ఉంటారు. గేటు తీయగానే పొగమంచులో ఘాట్ ఎక్కడం మొదలుపెడతారు. జీపు టికెట్లు ముందురోజే ఫోన్ చేసి కనుక్కోండి. మీరు తొమ్మిదిమంది కాబట్టి రెండు జీపులు కావాల్సి రావచ్చు.

సంక్రాంతి మంచి సమయమేనా అని మీరు అడగలేదు గానీ చెప్పాల్సిన సంగతే. అడవికీ నదికీ సీజన్లు కలవవు. వానాకాలం వెళ్ళాక శ్రీశైలం జలాశయం నిండుగా ఉంటుంది, బోట్లు హాయిగా తిరుగుతాయి. కానీ అప్పుడు అడవి దట్టంగా ఉండి, పది అడుగుల అవతల ఏనుగున్నా కనిపించదు (నల్లమలలో ఏనుగుల్లేవు, మాటవరసకన్నాను). మార్చి నుంచి మే దాకా ఆకు రాలి, గడ్డి ఎండి, అటవీ శాఖ ఏర్పాటు చేసిన సాసర్ పిట్ల (పళ్ళెంలాంటి నీటి గుంటల) దగ్గరికి జంతువులు నీళ్ళకొస్తాయి. చూడాలంటే అదే సమయం. కానీ అప్పటికి నది కిందికి దిగిపోతుంది, గుహల దాకా బోటు పోతుందో లేదో తెలియదు, ఎండేమో మాడ్చేస్తుంది. జులై నుంచి సెప్టెంబరు వరకు ఎలాగూ అడవిలోకి రానివ్వరు. సంక్రాంతి ఈ రెండిటికీ మధ్యలో పడుతుంది. రెండూ ఉంటాయి, రెండూ సగం సగమే. చంటిపిల్లలు, పెద్దవాళ్ళు ఉన్న ఇంటికి ఆ చలికాలమే మేలని నా ఉద్దేశం. కార్తీక సోమవారాలు, శివరాత్రి, ఉగాదికి ముందు కన్నడ భక్తులు కాలినడకన వచ్చే రోజులు మాత్రం సఫారీకి పెట్టుకోకండి.

బోటు సంగతి ఇంటి దగ్గరే కొంత తెలుసుకోవచ్చు. శ్రీశైలం నీటిమట్టం పేపర్లో వేస్తూనే ఉంటారు. పూర్తి మట్టం 885 అడుగులు. బయల్దేరేముందు వారం రోజులు అంకె గమనించండి. బాగా దిగిపోతోందంటే గుహల మీద ఆశ పెట్టుకోకుండా, పాతాళగంగ దగ్గర చిన్న చుట్టుతో సరిపెట్టుకోవచ్చు.

ఇంతకీ జీపులో చూసేదేమిటి? దుప్పులు, నెమళ్ళు, కొండముచ్చులు, అడవిపందులు దాదాపు ఖాయం. కణితి, మనుబోతు, ఎలుగుబంటి అదృష్టాన్ని బట్టి. కానీ నన్నడిగితే ఆ గంటా గంటన్నరలో అసలు చూడాల్సింది నేల. మట్టిబాటలో పొద్దున్నే మెత్తటి దుమ్ము మీద అడుగులు పడి ఉంటాయి. జీపు ఆపమని గైడ్‌ని అడిగితే కూర్చున్నచోటి నుంచే చూపిస్తాడు. అడుగు ముందు గోళ్ళ గుర్తులుంటే అది కుక్కజాతి, అంటే నక్కో రేచుకుక్కో. గోళ్ళు పడకుండా గుండ్రటి మెత్తలు మాత్రమే పడితే పిల్లిజాతి, ఎందుకంటే అవి నడిచేటప్పుడు గోళ్ళు లోపలికి ముడుచుకుంటాయి. చిన్నదైతే చిరుత, మనిషి అరచెయ్యంత ఉంటే పెద్దాయన, అంటే పులి. మీ ఇంట్లో పిల్లలకి ఈ ఒక్కటి చెప్పి తీసుకెళ్ళండి, దారి పొడుగునా వాళ్ళే వెతుకుతారు.

చెదపుట్టలు చూడమనండి. ఒకవైపు నుంచి తవ్వేసి, ఎర్రమన్ను కుప్పగా పడి ఉంటే అది ఎలుగుబంటి పని. గోళ్ళతో బొక్క పెట్టి, మూతి లోపల పెట్టి చెదల్ని పీల్చేస్తుంది. జనవరిలో బాట పక్కన దాని పెంటలో రేగు గింజలు కనిపిస్తాయి. మనం భోగినాడు పిల్లల నెత్తిన పోసే రేగుపళ్ళే. మార్చి, ఏప్రిల్‌కి ఇప్పపూలు రాలతాయి, అప్పుడు వాటి కింద చేరుతుంది.

ఇంకోటి, చెవులు. కొండముచ్చులు చెట్టు మీద మేస్తూ ఆకులు, చిగుళ్ళు కింద పారేస్తుంటే దుప్పులు కింద తింటాయి. పైనున్న కొండముచ్చుకి దూరం కనిపిస్తుంది, కిందున్న దుప్పికి వాసన తెలుస్తుంది. ఏ ఒక్కటి పసిగట్టినా రెండో దానికి కబురందినట్టే. కొండముచ్చు దగ్గినట్టు ఖక్ ఖక్‌మని, దుప్పి కీచుమని వరసగా అరవడం మొదలుపెడితే చుట్టుపక్కల చిరుతో పులో కదులుతోందని అర్థం. అప్పుడు డ్రైవర్ ఇంజన్ ఆపేస్తాడు. ఆ రెండు నిమిషాలూ ఎవరూ మాట్లాడకుండా కూర్చోగలిగితే చాలు, మృగం కనిపించకపోయినా అది అక్కడే ఎక్కడో ఉందని ఒళ్ళంతా తెలుస్తుంది. అన్నయ్యగారు అప్పుడే లేచి నిలబడి లెన్స్ మార్చకుండా చూసుకోవడం మీ ఆడపడుచు బాధ్యత.

గైడుగా చెంచు కుర్రాడు దొరికితే అదృష్టమనుకోండి. నల్లమల వాళ్ళ ఇల్లు. అడవి కాపలాలో, బేస్ క్యాంపుల్లో పనిచేసేవాళ్ళలో చెంచులు చాలామంది ఉన్నారు. "ఇక్కడ పులి ఎక్కడుంది?" అని పదిసార్లు అడిగేకన్నా "ఈ చెట్టు దేనికి పనికొస్తుంది?" అని అడిగి చూడండి. మద్ది, చిరుమాను, తునికి, ఏగిస అంటూ ఒక్కోదానికీ ఒక్కో సంగతి చెప్తాడు. బాణం పట్టుకో, ఫొటో తీసుకుంటాం అని మాత్రం అడక్కండి.

అన్నయ్యగారికి నేరుగా నా మాటగా చెప్పండి: పులి ఫొటోనే కావాలంటే హైదరాబాదు నుంచి మహారాష్ట్రలోని తాడోబా టైగర్ రిజర్వుకి వెళ్ళడం మేలు. ఏప్రిల్, మే ఎండల్లో రెండు మూడు రోజులుండేలా వెళ్తే కనిపించే అవకాశం బాగా ఎక్కువ. నల్లమలకి ఆ లెక్కతో వస్తే ఆయన రోజూ పాడవుతుంది, మీ అందరి రోజూ పాడవుతుంది. ఈసారికి కెమెరాలో పిల్లలు, అడుగులు, పుట్టలు, నది నింపుకోమనండి. ఫ్లాష్ వాడకూడదు, జీపు దిగకూడదు. ఇవి రెండూ బతిమాలుకునే విషయాలు కావు.

అత్తయ్యగారి విషయం. జీపు సఫారీ ఆవిడకి ఫరవాలేదు, డ్రైవర్ పక్క సీటు ఇప్పించి నడుం వెనక చిన్న దిండు పెడితే చాలు. వెనక సీట్లలో కుదుపులెక్కువ. అయితే ఒక్కటి గుర్తుంచుకోండి. ఇష్టకామేశ్వరి అమ్మవారి గుడికి వెళ్ళే జీపుల్ని కూడా కొందరు సఫారీ అనే చెప్పి ఎక్కిస్తారు. అమ్మవారి నుదుట బొట్టు పెడితే వేలికి మెత్తగా తగులుతుందని నమ్మకం, అందుకని ఆవిడకీ మనసు లాగుతుంది. కానీ ఆ దారి రాళ్ళ మీద జీపు ఎక్కి దూకే దారి, చివర్న నడక కూడా. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి అది వద్దు. ఆవిడ బాధపడినా మీరు గట్టిగా చెప్పండి, లేకపోతే మీవారి చేత చెప్పించండి.

శ్రీశైలం చేరాక రెండు జట్లుగా విడిపోవడం మంచిది. అత్తయ్యగారు, మీ చిన్నవాడు, తోడుగా ఒకరు దర్శనానికి. మిగతావాళ్ళు పాతాళగంగకి. పాతాళగంగ మెట్లు వందల్లో ఉంటాయి, రోప్‌వే ఉంది కాబట్టి ఆవిడని కూడా దించొచ్చు. కానీ బోటెక్కేటప్పుడు కదిలే అంచు మీదికి కాలెత్తి వెయ్యాలి, దిగేటప్పుడూ అంతే. గుహల దగ్గర గట్టెక్కాలి, లోపల శివలింగం దగ్గరికి చీకట్లో ఇరుకు సందులో వంగి పోవాలి. లావుగా ఉన్నవాళ్ళకి, ఊపిరాడదని భయపడేవాళ్ళకి అక్కడ కష్టం. పన్నెండో శతాబ్దంలో కన్నడ దేశం నుంచి మల్లికార్జునుణ్ణే మొగుడని నమ్మి నడిచొచ్చిన అక్కమహాదేవి తపస్సు చేసిన చోటని చెప్తారు. బయట పెద్ద రాతి తోరణం సహజంగా ఏర్పడింది, గుహలోకి దూరకపోయినా అది చూడ్డానికైనా వెళ్ళొచ్చు. మీకు మధ్యాహ్నం ఒంటిగంటకి బోటు దొరక్కపోతే మాత్రం గుహలు వదిలెయ్యండి. చిన్న చుట్టు చాలు. ఇరుపక్కలా కొండలు, నీళ్ళు దిగిపోయినచోట రాయి మీద తెల్లటి గీత, పుట్టిలో వల వేసుకునే మనిషి, నీటికాకులు. చలికాలం పొద్దున ఒడ్డున ఎండ కాచుకునే మొసలి కనిపించినా కనిపించొచ్చు.

మీ భయం గురించి. 2017 నవంబరు 12, కార్తీక మాసం ఆదివారం, విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం ఫెర్రీ వద్ద బోటు బోల్తాపడి 20 మందికి పైగా పోయారు. వాళ్ళలో ఎక్కువమంది ఒంగోలు వాళ్ళే. పొద్దున్నే కలిసి వాకింగ్ చేసే మనుషులు. మీ భయాన్ని ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి, అది పిరికితనం కాదు. అయితే ఆ రోజు జరిగింది నది తప్పు కాదు. అది అనుమతి లేని ప్రైవేటు బోటు, పరిమితికి మించి జనం, లైఫ్ జాకెట్లు లేవు. మీరు చూసుకోవాల్సినవి కూడా అవే. టికెట్ కౌంటర్లో రసీదు ఇచ్చి ఎక్కించే బోటే ఎక్కండి. ఒడ్డున "త్వరగా తీసుకెళ్తాం" అని పిలిచేవాళ్ళ వెంట పోవద్దు. ఎంతమంది పడతారో బోటు మీద రాసి ఉంటుంది, తలలు లెక్కపెట్టండి. ఎక్కువుంటే దిగిపోండి, డబ్బులు పోతే పోయాయి. జాకెట్ భుజాన తగిలించుకుంటే సరిపోదు, బకిల్స్ అన్నీ పెట్టి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. గడ్డం దాటి పైకొచ్చేస్తుంటే అది వదులు. పిల్లల సైజు అడగండి. లేదంటే ఆ పిల్లాడు బోటెక్కడు, అంతే. ఫొటో కోసమని అందరూ ఒకే పక్కకి చేరొద్దు. ఇంత చూసుకున్నాక కూడా మనసొప్పకపోతే మీరు అత్తయ్యగారి జట్టులో ఉండండి. బోటెక్కి తీరాలని ఏ శాస్త్రంలోనూ లేదు.

చిన్నవాడి వాంతులకి డాక్టర్‌ని అడిగి సిరప్ ముందే తీసుకుని, ఘాట్‌కి అరగంట ముందు వెయ్యండి. పొట్టనిండా పాలు పట్టకండి, ఫోన్ చేతికివ్వకండి, ముందు చూసేలా కూర్చోబెట్టండి. దోర్నాల దాటాక చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, ఫోన్‌పే మీద ఆధారపడకుండా నోట్లు దగ్గర పెట్టుకోండి. పెట్రోలు మార్కాపురంలోనే. పొద్దున జీపులో చలి గట్టిగా ఉంటుంది, పిల్లలకి మంకీ క్యాపులు, అందరికీ మెరవని రంగుల బట్టలు. పండగ పట్టుచీరలు, సెంట్లు శ్రీశైలం గుడికి దాచుకోండి.

ఘాట్ రోడ్డే వద్దనుకుంటే ఇంకో దారి ఉంది. దక్షిణానికి నెల్లూరు దాటి నేలపట్టు. 2022లో జిల్లాలు మారాక అది తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ మనవాళ్ళ నోట ఇంకా నెల్లూరు నేలపట్టే. సంక్రాంతికి గూడబాతులు చెట్ల నిండా గూళ్ళు కట్టుకుని ఉంటాయి. దగ్గర్లోనే పులికాట్, అక్కడ బోటూ ఉంది. అది నది కాదు, ఉప్పునీటి సరస్సు. దూరం ఇంచుమించు అంతే అయినా హైవే మీద సాఫీ ప్రయాణం. అత్తయ్యగారి మోకాళ్ళని బట్టే నిర్ణయించేట్టయితే ఇదే మేలు. పిల్లల్ని అడిగితే జీపే అంటారు.

పులిహోర తప్పకుండా చెయ్యండి, పెరుగన్నం కూడా. కాకపోతే స్టీలు డబ్బాల్లో పెట్టండి, నీళ్ళు కూడా స్టీలు సీసాల్లోనే. పులుల అడవిలోకి ప్లాస్టిక్ కవర్లు, సీసాలు తీసుకెళ్ళకూడదు. టిఫిన్ దోర్నాలలో గేటుకి ముందే తినేసి చేతులు కడుక్కుని ఎక్కండి, జీపులో తిండి డబ్బా విప్పొద్దు. ఘాట్‌లో కోతులు బండాపగానే చుట్టూ చేరతాయి. అద్దాలు ఎత్తే ఉంచి, ఒక్క అరటిపండు కూడా వెయ్యకుండా పోనివ్వండి. వేసేవాళ్ళ వల్లే అవి రోడ్డు మీదికొచ్చి బళ్ళ కింద పడుతున్నాయి. మధ్యాహ్నం భోజనం శ్రీశైలంలో నీడ చూసుకుని కూర్చుని తినండి. పెరుగన్నం ఎనిమిదింటికే పుల్లబడకుండా ఉండాలంటే రాత్రి మార్కాపురంలో పాలు ఎక్కువ, పెరుగు ఓ చెంచా వేసి కలపండి.